గెలెన్జిక్ ఎయిర్‌పోర్టులో ఓడలు: 2017 నల్ల సముద్రం జీపీఎస్ స్పూఫింగ్ కేసు

2017 జూన్ 22. రష్యాలోని నోవొరొసీస్క్ రేవుకి బయట, నల్ల సముద్రంలో అట్రియా అనే ట్యాంకర్ డ్రిఫ్టింగ్‌లో ఉంది. గాలికీ ప్రవాహానికీ తేలుతోంది, అంతే. ఓడని నడిపే గది అయిన బ్రిడ్జ్ మీదున్న జీపీఎస్ మాత్రం ఓడ గెలెన్జిక్ ఎయిర్‌పోర్టు దగ్గర, నేల మీద ఉందని చూపిస్తోంది. ఓడ నిజంగా ఉన్న చోటికీ ఆ ఎయిర్‌పోర్టుకీ మధ్య దూరం 25 నాటికల్ మైళ్ల పైమాటే. అంటే 46 కిలోమీటర్ల కంటే ఎక్కువ.

ఓడల్లో నావిగేషన్ ఆడిట్లు చేయడం, బ్రిడ్జ్ టీములకి ట్రైనింగ్ ఇవ్వడం నా పని. స్పూఫింగ్ అంటే నకిలీ సిగ్నల్స్ పంపి జీపీఎస్‌ని తప్పు చోటు నమ్మించడం. శాటిలైట్ నావిగేషన్‌లో జరిగే ఇలాంటి మోసాల గురించి చెప్పాల్సి వస్తే నేను ముందు తీసేది ఈ కేసునే. దీనికంటే పెద్దవి, ఎక్కువ భయపెట్టేవి తర్వాత చాలా వచ్చాయి. కానీ ఈ కేసులో బ్రిడ్జ్ మీద ఏం కనిపించిందో మనకి తెలుసు. కెప్టెన్ అమెరికా కోస్ట్ గార్డ్ నావిగేషన్ సెంటర్‌కి రాసిన మెయిళ్లు, వాటితో పంపిన తెరల ఫొటోలు బయటికొచ్చాయి. మామూలుగా ఇలాంటివి కంపెనీ ఫైల్లో పడి అక్కడే ఉండిపోతాయి.

ఈ కథని అందరూ చెప్పే తీరు ఒకటుంది: కెప్టెన్ అప్రమత్తంగా ఉన్నాడు, వెంటనే పసిగట్టాడు, ప్రమాదం తప్పింది. కెప్టెన్ పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ మోసం చేసినవాడు మొరటుగా చేశాడు కాబట్టే దొరికాడన్న సంగతి ఆ కథలో ఎక్కడా రాదు. నేను ఈ కేసుని ఆ వైపు నుంచే చదువుతాను.

మెయిళ్లలో ఏముంది

నోవొరొసీస్క్ తీరం దగ్గరపడ్డప్పటి నుంచీ జీపీఎస్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. కొన్నిసార్లు పొజిషన్ పూర్తిగా పోయింది, కొన్నిసార్లు తప్పుగా వచ్చింది. కొన్ని రోజుల పాటు ఓడని నేల మీద, గెలెన్జిక్ ఎయిర్‌పోర్టు దగ్గర చూపించింది. ఒక రాత్రి "పొజిషన్ పోయింది" అనే అలారం రెండు మూడుసార్లు మోగినా పొజిషన్ సరిగ్గానే ఉంది. ఆ తర్వాత మళ్లీ మొత్తం తప్పు. ఇంత జరుగుతున్నా రిసీవర్ తన పొజిషన్ వంద మీటర్ల లోపు కచ్చితమని, సురక్షితమని చెబుతూనే ఉంది. పొజిషన్ ఎంత నమ్మదగ్గదో చూడటానికి వాడే హెచ్‌డీఓపీ అనే అంకె 0.8 చూపిస్తోంది.

ఏ కెప్టెన్‌కైనా మొదట తన పరికరం మీదే అనుమానం వస్తుంది. యాంటెన్నాలో నీళ్లు చేరాయా, కేబుల్ దెబ్బతిందా, రిసీవర్ పాతబడిందా అని చూస్తాడు. ఇక్కడ కెప్టెన్ అక్కడితో ఆగలేదు. చుట్టుపక్కల ఓడల సంగతి తెలుసుకున్నాడు. ఇరవైకి పైగా ఓడలకి అదే సమస్య ఉందని మెయిల్‌లో రాశాడు. చెప్పడానికి చిన్న పనే. కానీ "మీ జీపీఎస్ బాగానే ఉందా?" అని వీహెచ్ఎఫ్ రేడియోలో పక్క ఓడని అడగడానికి నామోషీ పడే కెప్టెన్లు మన వృత్తిలో తక్కువేం కాదు. ఛానల్ 16 మీద ఊరంతా వింటుంది మరి. ఆ ఒక్క ప్రశ్నతో సమస్య తన ఓడలో లేదని తేలిపోయింది.

రెండో ఆధారం రాడార్ ఫొటో. అందులో ఏఐఎస్, అంటే ఓడలు తమ పేరు, పొజిషన్ రేడియోలో ప్రకటించే పరికరం, చూపే గుర్తులు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గుంపుగా పోగుపడి ఉన్నాయి. ఆ ఓడలన్నీ నిజానికి అట్రియా చుట్టూనే, ఆ గుంపుకి ఇరవై మైళ్ల కంటే దూరంగా ఉన్నాయి. ఈ కేసు మొత్తానికి ఒక్క సాక్ష్యమే ఉంచుకోమంటే నేను ఆ ఫొటోనే ఉంచుకుంటాను.

ఉపగ్రహాల వైపు లోపమేమీ కనిపించలేదని నావిగేషన్ సెంటర్ జవాబిచ్చింది. అమెరికా మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్ 44 డిగ్రీల 15.7 నిమిషాల ఉత్తరం, 37 డిగ్రీల 32.9 నిమిషాల తూర్పు దగ్గర జీపీఎస్ ఇంటర్‌ఫియరెన్స్ ఉందని, సంఘటన ఇంకా ధ్రువపడలేదని చెబుతూ ఓడలకి హెచ్చరిక విడుదల చేసింది. హెచ్చరికలో స్పూఫింగ్ అన్న మాట లేదు. ఆ మాట తర్వాత నిపుణులు ఫొటోలు చూసి అన్నది.

0.8 అనే అంకె

ట్రైనింగులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. వాచ్‌లో, అంటే బ్రిడ్జ్ డ్యూటీలో ఉన్న కుర్ర ఆఫీసర్‌ని "జీపీఎస్ బాగుందని నీకెలా తెలుసు?" అని అడిగితే చాలామంది హెచ్‌డీఓపీ వైపు వేలు చూపిస్తారు. 0.8 అంటే చాలా బాగున్నట్టు. ఒకటి కంటే తక్కువుంటే ఇక అడగక్కర్లేదని వాళ్లకి నేర్పారు.

ఉపగ్రహాలు ఆకాశంలో ఎంత బాగా పరుచుకుని ఉన్నాయో చెప్పే అంకె హెచ్‌డీఓపీ. అవన్నీ ఒక మూలన చేరితే అంకె పెరుగుతుంది, నలుదిక్కులా ఉంటే తగ్గుతుంది. సిగ్నల్ ఎక్కడినుంచి వచ్చిందన్నది దాని లెక్కలోకి రాదు. రిసీవర్ ఏం చేస్తుందంటే, ఫలానా నంబరు ఉపగ్రహం సిగ్నల్ దొరికింది, ఆ ఉపగ్రహం ఆకాశంలో ఫలానా చోట ఉండాలి అని సిగ్నల్‌లోనే వచ్చిన కక్ష్య వివరాలతో లెక్క కడుతుంది. కొండ మీదున్న ఒకే యాంటెన్నా ఎనిమిది పది ఉపగ్రహాల పేర్లతో నకిలీ సిగ్నల్స్ పంపినా రిసీవర్ లెక్కలో అవి ఆకాశమంతా చక్కగా పరుచుకునే ఉంటాయి. హెచ్‌డీఓపీ అద్భుతంగా వస్తుంది.

రెయిమ్ సంగతీ అంతే. ఒక ఉపగ్రహం కొలత మిగతావాటితో కలవకపోతే దాన్ని పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ అది. ఉపగ్రహం పాడైతే బాగా పనిచేస్తుంది. అన్ని కొలతలనీ ఒక్కడే తయారుచేస్తే అవి ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. ఇక దానికి దొరికే తేడా ఏముంటుంది? "వంద మీటర్ల లోపు సురక్షితం" అని అట్రియా తెర మీద వచ్చింది అందుకే. ఒక రకంగా రిసీవర్ అబద్ధం చెప్పలేదు. దానికి అందిన కొలతలు నిజంగానే ఒకదానితో ఒకటి సరిపోయాయి.

ఇదంతా ఇంత సులువుగా ఎలా సాధ్యమంటే, జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అక్కడినుంచి ఓడ యాంటెన్నాకి చేరే సిగ్నల్ బలం సుమారు మైనస్ 128 డీబీఎం. ఒక వాట్‌లో కోటి కోట్లవ వంతుని మళ్లీ వందతో భాగిస్తే దాదాపు అంత. రిసీవర్ సొంత ఎలక్ట్రానిక్ రొద కూడా దానికంటే ఎక్కువ. 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఈ పౌర సిగ్నల్ నిర్మాణమంతా పత్రాల్లో అచ్చయి ఉంది. ఎవరు పంపారో చెప్పే సంతకం అందులో లేదు. తీరం మీద ఒక మామూలు ట్రాన్స్‌మిటర్ పెట్టినవాడు ఉపగ్రహాలకంటే ఎన్నో రెట్లు గట్టిగా అరవగలడు.

అట్రియా మెయిళ్లలో ఉన్న వరస చూడండి. సిగ్నల్ పోయింది, తర్వాత చక్కటి పొజిషన్ వచ్చింది, అది తప్పు. మొరటు స్పూఫింగ్ సాధారణంగా ఇలాగే కనిపిస్తుంది. అసలు సిగ్నల్‌ని పట్టుకుని ఉన్న రిసీవర్‌ని ముందు గందరగోళపెట్టి ఆ పట్టు విడిపించాలి. అప్పుడు అది కొత్తగా వెతకడం మొదలుపెట్టి గట్టిగా వినిపిస్తున్నదాన్ని పట్టుకుంటుంది. బ్రిడ్జ్ మీద దీని అర్థం ఏమిటంటే, అలారం మోగినప్పుడు జీపీఎస్ నిజమే చెబుతోంది, "నాకు తెలియడం లేదు" అని. అలారం ఆగిపోయాకే మోసం మొదలవుతుంది. మనవాళ్లు చేసేది సరిగ్గా తిరగేసి: అలారం మోగినప్పుడు టెన్షన్ పడతారు, ఆగాక టీ తాగుతారు. జీపీఎస్ అలారం వచ్చి దానంతటదే పోతే, పోయాక కూడా కెప్టెన్‌ని లేపాలని రాత్రి డ్యూటీ వాళ్లకి కెప్టెన్ సూచనలు రాసే నైట్ ఆర్డర్ బుక్కులో రాయమని నేను ఆడిట్లలో చెబుతుంటాను.

ఒకే బావి

నేటి బ్రిడ్జ్ మీద జీపీఎస్ ఎక్కడెక్కడికి వెళ్తుందో కాగితం మీద గీయమంటే అనుభవమున్న ఆఫీసర్లు కూడా రెండు మూడు మర్చిపోతారు. ఎలక్ట్రానిక్ చార్టు తెర అయిన ఎక్‌డిస్, ఏఐఎస్ అందరికీ గుర్తుంటాయి. రాడార్ మీద కనిపించే ఏఐఎస్ గుర్తులు, ప్రయాణ వివరాలు నమోదు చేసే వాయేజ్ డేటా రికార్డర్, ఆపదలో బటన్ నొక్కితే పొజిషన్ పంపే జీఎండీఎస్ఎస్ సెట్లు, సెక్యూరిటీ అలర్ట్, చాలా ఓడల్లో దిక్కు చూపే గైరోకి వెళ్లే అక్షాంశం, వేగాల సవరణ, ఓడ గడియారం కూడా దాని మీదే ఆధారపడతాయి. బ్రిడ్జ్ మీద పది కుండలున్నాయి, పదీ ఒకే బావిలో ముంచినవి. ఎక్‌డిస్, ఏఐఎస్, రెండో జీపీఎస్ మూడూ ఒకే మాట చెప్పాయంటే ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు.

ఏఐఎస్ విషయంలో ఇంకో చిక్కుంది. నా జీపీఎస్ మోసపోతే నా ఏఐఎస్ ఆ తప్పు పొజిషన్‌ని పక్క ఓడలకి కూడా పంపుతుంది. అప్పుడు వాళ్ల తెర మీద నేను ఎయిర్‌పోర్టులో ఉంటాను, వాళ్ల ముక్కు ముందు మాత్రం పేరులేని ఒక రాడార్ ఎకో ఉంటుంది. రాత్రిపూట రద్దీ జలాల్లో ఏఐఎస్ గుర్తు చూసి దారి ఇవ్వడానికి అలవాటుపడ్డ వాచ్ ఆఫీసర్‌కి అది చాలా ప్రమాదం. రాడార్ మాత్రం ఈ బావి నీళ్లు తాగదు. అది తన పల్స్ తానే పంపుకుని, తీరానికి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనితో దూరం కొలుస్తుంది.

అట్రియా డ్రిఫ్టింగ్‌లో ఉండటం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకు అది ముఖ్యం. నడుస్తున్న ఓడ అయితే స్పూఫింగ్ మొదలైన క్షణంలోనే తేడా తెలిసిపోయేది. ఓడ వేగం కొలిచే లాగ్ నీటిలో 13 నాట్లు చూపిస్తుంటే జీపీఎస్ వేగం సున్నాకి పడిపోతుంది. తేలుతున్న ఓడలో రెండూ దాదాపు సున్నాయే కాబట్టి ఆ ఆధారం లేదు. మిగిలింది పొజిషన్ ఒక్కటే. అది ఏకంగా నేల మీదికి ఎక్కింది కాబట్టి సరిపోయింది. అదే పొజిషన్ సముద్రంలోనే, రెండు మైళ్ల పక్కన పడి ఉంటే? డ్రిఫ్టింగ్‌లో రెండు మైళ్లు జరగడం మామూలే కదా అనుకుని వాచ్ మారేవరకు ఎవరూ పట్టించుకోకపోయే అవకాశమే ఎక్కువ.

ఎయిర్‌పోర్టే ఎందుకు

ఇందులో ఓడలని మోసం చేయాలన్న ఉద్దేశం ఉన్నట్టు కనిపించదు. అప్పట్లో మార్కెట్లో దొరికే చాలా డ్రోన్లకి ఎయిర్‌పోర్టుల దగ్గర ఎగరకూడదనే నిబంధన సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేది. "నువ్వు ఎయిర్‌పోర్టులో ఉన్నావు" అని అలాంటి డ్రోన్‌ని నమ్మిస్తే అది దిగిపోతుంది, లేదా లేవనే లేవదు. 2016లో మాస్కోలో క్రెమ్లిన్ దగ్గర ఫోన్లు, ట్యాక్సీ యాప్‌లు తాము వ్నూకొవొ ఎయిర్‌పోర్టులో ఉన్నామని చూపించడం మొదలైంది. అక్కడా ఎయిర్‌పోర్టే. 2019లో సీ4ఏడీఎస్ అనే సంస్థ ఏఐఎస్ డేటా తిరగేసి, 2016 ఫిబ్రవరి నుంచి రష్యా, క్రిమియా, సిరియాల్లోని పది ప్రాంతాల్లో 9,883 అనుమానిత ఘటనలు, 1,311 పౌర నౌకలు ప్రభావితమైనట్టు నివేదిక ఇచ్చింది. వీటిలో కొన్ని రష్యా అధ్యక్షుడి పర్యటనలతో కలుస్తున్నాయని కూడా చూపించింది. 2018 మే 15న పుతిన్ కెర్చ్ వంతెన మీద ట్రక్కు నడిపిన రోజున, ఆ చుట్టుపక్కల ఓడలు 65 కిలోమీటర్ల దూరంలోని అనాపా ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు కనిపించాయి.

అంటే ఓడలు దారిన పోతూ చిక్కుకున్నవే. పక్కనున్న డ్రోన్ కోసం వేసిన వల అది. డ్రోన్‌ని దించడానికి పొజిషన్ నమ్మేలా ఉండక్కర్లేదు, ఎయిర్‌పోర్టు అయితే చాలు. అందుకే అంత మొరటుగా ఉంది.

మెల్లగా లాగితే

మొరటుగా లేకపోతే ఎలా ఉంటుందో అంతకు నాలుగేళ్ల ముందే తేలిపోయింది. 2013 జూన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌కి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం వైట్ రోజ్ ఆఫ్ డ్రాక్స్ అనే 65 మీటర్ల విలాస నౌక (యాట్) మీద, యజమాని అనుమతితోనే ఒక ప్రయోగం చేసింది. ఓడ మొనాకో నుంచి గ్రీసులోని రోడ్స్‌కి వెళ్తోంది. ఇటలీ తీరానికి 30 మైళ్ల అవతల, బ్రీఫ్‌కేసంత పెట్టెతో పైడెక్ నుంచి నకిలీ సిగ్నల్స్ వదిలారు. మొదట అవి అసలు సిగ్నల్స్‌తో సరిగ్గా కలిసి ఉన్నాయి, బలం కూడా తక్కువే. తర్వాత కొంచెం కొంచెంగా బలం పెంచారు. రిసీవర్ పట్టు విడవకుండానే చేతులు మారింది. ఒక్క అలారం కూడా మోగలేదు.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఇప్పటికీ నాకు అసహనంగా ఉంటుంది. నకిలీ పొజిషన్‌ని కొంచెం పక్కకి జరిపితే, ఓడ ట్రాక్ తప్పినట్టు తెర మీద కనిపించింది. సిబ్బంది తమ పని తాము శ్రద్ధగా చేశారు: కోర్సు సరిచేశారు. తెర మీద ఓడ మళ్లీ గీత మీదికి వచ్చింది, సముద్రంలో మాత్రం గీతకి వందల మీటర్ల పక్కకి పోయింది. ఓడని పక్కదారి పట్టించింది సిబ్బంది చేతులే. ఆటోపైలట్ ట్రాక్ కంట్రోల్‌లో, అంటే తెర మీది గీతని దానంతటదే పట్టుకునేలా ఉంటే ఆ చేతులు కూడా అక్కర్లేదు.

నల్ల సముద్రం కేసుని "పట్టుకున్నాం" అని చెప్పుకునేవాళ్లకి నేను ఈ యాట్ ట్రాక్ చూపిస్తాను. అట్రియాని కాపాడిన ఆధారాల్లో, అంటే అలారం, నేల మీది పొజిషన్, గుంపుగా చేరిన ఏఐఎస్, వీటిలో ఒక్కటి కూడా ఈ యాట్‌లో లేదు.

బ్రిడ్జ్ మీద చేయగలిగింది

తీరం కనిపించే దూరంలో ఉంటే రాడార్ ఓవర్‌లే, అంటే చార్టు మీద పరిచిన రాడార్ బొమ్మ, ఎక్‌డిస్ మీద ఎప్పుడూ ఉంచమంటాను. ఇక్కడ ఒక తేడా తెలియాలి. తీరం ఎకో చార్టు తీరం నుంచి మొత్తంగా ఒకవైపు జరిగి ఉంటే తప్పు పొజిషన్‌లో ఉంది. మన ఓడ చుట్టూ తిరిగినట్టు వంకరగా ఉంటే తప్పు గైరోలో ఉంది. ఈ రెండింటినీ కలిపేసి, గైరో సరిచేయడానికి కూర్చున్నవాళ్లని చూశాను.

ఓవర్‌లే కంటికి మాత్రమే. ఫిక్స్, అంటే సొంతంగా తేల్చిన పొజిషన్ కావాలంటే చార్టులో ఉన్న స్థిరమైన గుర్తుకి రాడార్ రేంజ్ (దూరం), కంటితో బేరింగ్ (దిశ) తీసుకుని ఎక్‌డిస్‌లో చేత్తో ప్లాట్ చేయాలి. విశాఖపట్నం వచ్చే ఓడ ఎక్కితే నేను డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ బేరింగ్ అడుగుతాను. బేరింగ్ అందరూ తీస్తారు. దాన్ని ఎక్‌డిస్‌లో పెట్టే మెనూ ఎక్కడుందో వెతకడానికే కొందరికి ఐదు నిమిషాలు పడుతుంది. మెల్లగా లాగే స్పూఫింగ్‌ని పట్టుకునే ముఖ్యమైన సాధనం ఇదే అయినప్పుడు ఆ ఐదు నిమిషాలు ఎక్కువే.

జీపీఎస్ రిసీవర్‌లో శాటిలైట్ పేజీ ఒకటుంటుంది, దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. మామూలుగా నెత్తి మీదున్న ఉపగ్రహాల సిగ్నల్ గీతలు పొడుగ్గా, దిగంతం దగ్గరివి పొట్టిగా ఉంటాయి. ఓడ ఊగుతుంటే, పొగగొట్టం (ఫన్నెల్) అడ్డొస్తే అవి మారుతుంటాయి. అన్నీ ఒకే ఎత్తున ఉన్నట్టుండి పొడుగైతే అనుమానించాలి. యాంటెన్నా ఎత్తు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం కూడా అక్కడే కనిపిస్తాయి, అవి ఉన్నట్టుండి గెంతినా అనుమానించాల్సిందే. ఈ పేజీ బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ముందే చూసి ఉండకపోతే, పాడైనప్పుడు చూసి లాభం లేదు.

అనుమానం ఖాయమయ్యాక మొదటి పని ఆటోపైలట్‌ని ట్రాక్ మోడ్ నుంచి, దిక్కు మాత్రమే పట్టుకునే హెడింగ్ మోడ్‌కి మార్చడం. తర్వాత ఎక్‌డిస్‌ని జీపీఎస్ నుంచి విడదీసి డెడ్ రెకనింగ్‌లో, అంటే దిక్కు, వేగాలతో పొజిషన్ లెక్కకట్టే పద్ధతిలో పెట్టడం, జీఎండీఎస్ఎస్ సెట్లలో పొజిషన్ చేత్తో కొట్టడం, వీహెచ్ఎఫ్‌లో పక్కవాళ్లకి చెప్పడం. రెండో జీపీఎస్‌కి మారడం చాలామంది చెక్‌లిస్టుల్లో మొదటి పనిగా ఉంటుంది. యాంటెన్నా పాడైతే అది సరే. స్పూఫింగ్‌లో రెండు యాంటెన్నాలూ ఒకే గాలిలో ఉన్నాయి కాబట్టి అది కొంత సమయం వృథా చేయడం తప్ప మరేం కాదు.

మన ఆకాశంలో

2017లో ఇది ఒక మూల సముద్రంలో వింతగా కనిపించింది. 2025 మేలో ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటైనర్ ఓడ జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో నేలకి తగులుకున్నప్పుడు విశ్లేషకులు జీపీఎస్ జోక్యాన్నే కారణంగా చూపారు. అదే ఏడాది నవంబర్‌లో ఢిల్లీ ఎయిర్‌పోర్టు దగ్గర కొన్ని విమానాలు రన్‌వే 10కి జీపీఎస్ ఆధారంగా దిగుతూ స్పూఫింగ్‌ని ఎదుర్కొన్నాయి. పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు రాజ్యసభకిచ్చిన సమాధానంలో ఆ విషయం ఒప్పుకున్నారు. జీపీఎస్ జోక్యం ఫిర్యాదులు వచ్చిన ఎయిర్‌పోర్టుల్లో హైదరాబాద్ పేరు కూడా అందులో ఉంది. భూమి మీది పాత నావిగేషన్ పరికరాలున్న మిగతా రన్‌వేల మీద ఇబ్బంది రాలేదని కూడా ఆ సమాధానంలో ఉంది. విమానాల వాళ్లు ఆ పాత పరికరాల కనీస నెట్‌వర్క్‌ని తీసేయకుండా ఉంచుకున్నారు. ఓడల వైపు అలాంటి నెట్‌వర్క్ అంటే లైట్‌హౌసులు, రాడార్‌కి జవాబిచ్చే రేకాన్లు, రాడార్‌కి కనిపించే తీరం.

పరికరాల వైపు కదలిక ఉంది. యూరప్ గెలీలియో ఉపగ్రహాల సిగ్నల్‌కి 2025 జులై నుంచి డిజిటల్ సంతకం ఉంది. రిసీవర్ ఆ సంతకాన్ని సరిచూసుకుంటే నకిలీని తిరస్కరించగలదు. కానీ అట్రియా మోసపోయిన జీపీఎస్ ఎల్1 పౌర సిగ్నల్‌లో అలాంటి సంతకం ఇప్పటికీ లేదు. ఓడల్లో రిసీవర్ పాడైతే తప్ప మార్చరు. ఇప్పుడు నేను ఎక్కే ఓడల్లో సంతకం చూడగల రిసీవర్ ఉన్నవి ఇంకా తక్కువే. కొత్తది కొనేటప్పుడు ఆ సౌకర్యం అడగమని ఆడిట్ రిపోర్టులో రాస్తున్నాను, ఆఫీసు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఎంతవుతుందని.